డ్యూటీలో ఉన్న వెంట్రుక

మా ఉప్పురేవు గ్రంథాలయంలో మొన్న వేసవి అంతా ఒక వెంట్రుక ఉద్యోగం చేసింది. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు లేదు. రోజూ సాయంత్రం దాని ఎదురుగా కూర్చునే నేను పేపరు చదివేదాన్ని. మంచి వెంట్రుకే. నల్లగా, పొడుగ్గా ఉండేది. ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు.

అది ఆ ఉద్యోగంలోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే చైనా నుంచి మొదలుపెట్టాలి.

ప్రజా పఠన శాఖ డైరెక్టరు సత్యకీర్తి గారు, గ్రంథాలయాలు ఎలా నడపాలో చూసి రావడానికి చైనా వెళ్లారు. ఆయన వెళ్లిన వారమంతా అక్కడ ఏదో పండగట, గ్రంథాలయాలకు సెలవు. అందుచేత కోతిరాజును చూసి వచ్చారు.

ఈ కోతిరాజు చైనా వాళ్ల పాత కథల్లో మహా మాయావి. రాతిలోంచి పుట్టాడు. స్వర్గంలో తోటకు కాపలా పెడితే పళ్లన్నీ తనే తినేశాడు. అవసరమైనప్పుడు ఒంటి మీది వెంట్రుక పీకి, నమిలి, ఉఫ్ అని ఊదితే అది తనలాంటి ఇంకో కోతి అవుతుంది. గుప్పెడు పీకితే సైన్యమే. డైరెక్టరు గారికి వాడు మొహానికి రంగులు పూసుకుని నాటకంలో ఒకసారి కనిపించాడు. టీవీలో బొమ్మల కథలో పళ్లపొడి అమ్ముతూ ఒకసారి కనిపించాడు. హోటల్లో కాఫీ తెచ్చే మరమనిషికి కూడా వాడి వేషమే వేశారట. చివరికి తిరుగు విమానంలో ఫోనులో ఆటగా దొరికాడు. ఆ ఆటలో నమలడం, ఊదడం లేవు. మీట నొక్కితే చాలు, ఒక కోతి పది కోతులవుతుంది. సారు విమానం దిగేదాకా నొక్కుతూనే ఉన్నారట.

దిగేసరికి శాఖలో ఖాళీల సమస్య తీరిపోయింది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. మా లైబ్రేరియను పేరిందేవి దాన్ని నాకు చదివి వినిపించింది. నేను బడికి పోలేదు. పచారీ పొట్లాల మీద అక్షరాలు పోల్చుకుంటూ చదవడం నేర్చుకున్నాను. కథలైతే ఎంత లావు పుస్తకమైనా చదువుతాను గానీ సర్కారు తెలుగు దగ్గర మాత్రం నాకు ఇంకొకరి సాయం కావాలి.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఒక ఉద్యోగి ఒకే చోట ఉండుట అను కాలం చెల్లిన పద్ధతికి స్వస్తి పలికి, రోమ విధానమును ప్రవేశపెట్టడమైనది. ఉద్యోగి శిరస్సు నుండి సేకరించిన ప్రతి రోమమూ సదరు ఉద్యోగితో సమానముగా పరిగణింపబడును. జీతభత్యములు మాత్రము శిరస్సుకే చెల్లింపబడును."

"అంటే ఏందే?" అన్నాను.

"నా జుట్టు పీకి ఊరూరా పంపిస్తారంట పెద్దమ్మా. ఆ వెంట్రుకలే లైబ్రేరియన్లంట."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నాకు అప్పటికీ లోపల బెరుకుగానే ఉంది. ఎంత నవ్వొచ్చే ఉత్తర్వైనా కింద సంతకం ఉంటే భయపడాలి.

తర్వాత కేశ సర్వే జరిగింది. జిల్లా అధికారి వజ్రవేలు గారు ఊరూరా తిరిగి సిబ్బంది తలలు పరిశీలించారు. బట్టతల వాళ్లను 'విస్తరణ సామర్థ్యం లేని శిరస్సులు' అని ఒక పక్కన పెట్టారు. పక్క మండలంలో ఒక గుమాస్తా తల మీద ఒత్తైన జుట్టు చూసి ముచ్చటపడి పట్టుకుంటే అది చేతిలోకి ఊడి వచ్చిందట. విగ్గు. ఆయన కాసేపు ఆలోచించి, దాన్ని 'అవుట్‌సోర్సింగ్ సిబ్బంది' కింద రాసుకున్నారు.

మా ఊరు వచ్చి పేరిందేవి జడ చూడగానే ఆయనకు నోట మాట రాలేదు. రాదు మరి. మోకాళ్లు దాటే జడ. చిన్న వయసులో ఈ ఊళ్లో మొదటి ఉద్యోగానికి చేరినప్పుడు బస్సు దిగుతుంటే ముందు జడ, తర్వాత మనిషి కనబడ్డారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లి చేసుకోలేదు. లైబ్రరీ వెనక గదిలోనే కాపురం. ఉప్పు పండించే కయ్యల్లో పనిచేసే వాళ్ల పిల్లల్ని సాయంత్రాలు కూర్చోబెట్టి కథలు చదివేది. కోతిరాజు కథ కూడా మాకు అలా చదివిందే.

"మేడం," అన్నారు వజ్రవేలు గారు గొంతు సవరించుకుని, "దీన్ని ఇకపై జడ అని వ్యవహరించకండి. ఇది మానవ వనరు."

"మా అమ్మ నూనె రాసి పెంచిన జుట్టు సార్ ఇది."

"మీ అమ్మగారి సేవలను శాఖ గుర్తిస్తుంది."

"ఆమె పోయి చానా కాలమైంది సార్."

"మరణానంతరం గుర్తిస్తుంది," అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా.

పేరిందేవిని రాజధానిలో ప్రధాన కార్యాలయానికి పిలిపించారు. తాత్కాలికమే అన్నారు. బస్టాండులో నేను ఏడవకూడదని గట్టిగా అనుకుని, ఏడ్చాను.

"ఊరుకో పెద్దమ్మా. నా వెంట్రుక వస్తది గదా నీకు తోడు," అంది నవ్వుతూ.

వచ్చింది. అటెండరు దానియేలు సీలు వేసిన కవరు తెచ్చి, కుర్చీ వీపుకు వెంట్రుకను టేపుతో అతికించి, ఎదురుగా నిలబడి సెల్యూటు కొట్టాడు.

"ఇదేందిరా దానియేలూ?"

"నాకూ తెలియదు అవ్వా. ఆఫీసరొస్తే లేచి నిలబడాలన్నారు. ఇది ఆఫీసరే గదా."

దాంతోపాటు నిబంధనలూ వచ్చాయి. రోమం విధుల్లో ఉన్నంతసేపు ఫ్యాను వేయరాదు. తుమ్మదలచిన పాఠకులు బయటికి వెళ్లి తుమ్మవలెను. పుస్తకం కావలసినవారు రోమం ఎదుట పుస్తకం పేరు స్పష్టంగా చెప్పి, అది అభ్యంతరం చెప్పని పక్షంలో తీసుకువెళ్లవచ్చును.

అది దేనికీ అభ్యంతరం చెప్పలేదు. పుస్తకాలు బాగా పోయాయి. ఒకటీ తిరిగి రాలేదు. పుస్తకాల వినియోగం ఎన్నడూ లేనంతగా పెరిగిందని జిల్లా నివేదికలో రాసుకున్నారు. ఉప్పు కయ్యల పిల్లలు కొన్నాళ్లు అలవాటుగా వచ్చి వెంట్రుక ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అది కథ మొదలుపెట్టకపోయేసరికి ఒక్కొక్కరే రావడం మానేశారు.

ఒక రోజు ఉక్కపోతకు తట్టుకోలేక ఎవరో పేపరుతో విసురుకుంటే లైబ్రేరియను ఎగిరిపోయింది. దానియేలు నెత్తి కొట్టుకుంటూ నేల మీద పడి వెతికాడు.

"నా ఉద్యోగం పోయె అవ్వా! రేపు ఇన్‌స్పెక్షను! ఈడ వెంట్రుక లేకపోతే నా మెడకు చుట్టుకుంటది!"

వాడి అవస్థ చూడలేక నా ముడిలోంచి ఒకటి పీకి ఇచ్చాను. మర్నాడు వజ్రవేలు గారు వచ్చి కుర్చీ వీపు వైపు చాలాసేపు చూశారు.

"రోమం తెల్లబడిందేమిటి?"

దానియేలు నా వైపు చూశాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"పని ఒత్తిడి సార్," అన్నాడు వాడు.

సారు కళ్లు చెమర్చాయి. ఒంటరిగా ఒక గ్రంథాలయం మొత్తాన్ని మోస్తూ నెరిసిపోయిన ఆ రోమాన్ని జిల్లా ఉత్తమ ఉద్యోగిగా సిఫారసు చేశారు. సెలవు పెట్టదు, టీకి పోదు, యూనియన్‌లో చేరదు. సన్మాన సభలో కుర్చీకి శాలువా కప్పారు. సన్మానితురాలు శాలువా కింద కనబడకుండా పోయింది గానీ చప్పట్లు మాత్రం బాగా కొట్టారు. ఆ వేదిక మీదే డైరెక్టరు గారి సందేశం చదివారు. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఉప్పురేవు రోమాన్ని పర్మనెంటు చేస్తున్నారు. దాని శిరస్సును ప్రధాన కార్యాలయంలోనే శాశ్వతంగా ఉంచేసి, ఇక్కడి మనిషి పోస్టును రద్దు చేస్తున్నారు.

జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నాకు చేతులు ఆడలేదు. అంటే పేరిందేవి ఇక రాదు.

నా జీవితంలో పోయినవాళ్లందరూ ఏదో ఒకటి వదిలిపోయారు. మా అక్క పోయినప్పుడు ఆమె దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలను చాలా ఏళ్లు దాచుకున్నాను. ఒక్కటి కూడా వచ్చి 'అన్నం తిన్నావటే' అని అడగలేదు. ఈ సంగతి డైరెక్టరు గారికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే చైనా ప్రయాణం తప్పేది.

కొబ్బరినూనె సీసా సంచిలో వేసుకుని రాజధాని బస్సెక్కాను.

ప్రధాన కార్యాలయంలో 'రోమోత్పత్తి విభాగం' అని బోర్డు. లోపల పేరిందేవిని పడక కుర్చీలో కూర్చోబెట్టారు. ఇద్దరు గుమాస్తాలు చెరో పక్కా నిలబడి చిన్న పట్టకార్లతో పీకుతున్నారు. మూడో ఆయన వాటిని కవర్లలో పెట్టి ఊళ్ల పేర్లు రాస్తున్నాడు. ఒక గుమాస్తా పొరపాటున రెండు కలిపి పీకితే మూడో ఆయన కసిరాడు. "ఒక ఊరికి ఇద్దరు లైబ్రేరియన్లా? ఆడిట్‌లో ఏం చెప్తావయ్యా?"

మధ్యాహ్నం వాళ్లు భోజనానికి పోయాక తలకు నూనె రాశాను. నడినెత్తిన రూపాయి బిళ్లంత బోడి.

"మంటగా ఉందా అమ్మాయ్?"

"మంట సంగతి సరే పెద్దమ్మా. ఇంత మందిని చేసి పంపిస్తుండారు, నేను మటుకు యాడా లేను. కయ్యల పిల్లలు వస్తుండారా?"

నేను ఇంకాస్త నూనె చేతిలో పోసుకున్నాను. ఆమెకు అర్థమైంది.

"బదిలీ అడగరాదూ?"

"అడిగా. అన్ని ఊళ్లలో నువ్వే ఉండావు, ఇంక యాడికి బదిలీ చేయమంటావన్నారు."

"సెలవు పెట్టు."

"మొత్తం వెంట్రుకలన్నీ ఒకేసారి సెలవు పెట్టాలంట. ఒక్క మొక్కుకైతేనే తలకు విడిగా ఇస్తారంట. దేవుడి దగ్గర వీళ్లకు భయమే."

ఆ మాట అని ఆగిపోయింది. నూనె రాస్తున్న నా చెయ్యీ ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అయితే ఆమె నవ్వింది, నేను బెదిరిపోయాను.

"వద్దే. మీ అమ్మ చేత్తో పెంచిన జడ."

"అమ్మ పోయేరోజు కూడా దువ్వింది పెద్దమ్మా. అందుకే గదా ఇన్నాళ్లు కత్తెర తగలనీకుండా కాపాడుకున్నా." కాసేపు జడ కొస చేత్తో తిప్పుతూ కూర్చుంది. "వీళ్ల చేతుల్లో ఒక్కొక్కటే పోయేకంటే, నేనే ఒక్కసారిగా ఇస్తే అమ్మ ఏమీ అనుకోదులే."

సెలవు చీటీలో 'మొక్కు' అని మాత్రం రాసింది. డైరెక్టరు గారు వెంటనే సంతకం పెట్టి, తన పేర కూడా ఒక కొబ్బరికాయ కొట్టమన్నారు.

కొండ మీద క్షురకుడు జడను దోసిట్లోకి తీసుకుని బరువు చూసి తటపటాయించాడు. "ఇంత జుట్టు... ఏం మొక్కమ్మా?"

"ఒక్క చోట ఉండాలని," అంది పేరిందేవి.

అతనికి అర్థం కాలేదు గానీ, కొండ మీద మొక్కులన్నీ అర్థమయ్యేవి కావు కదా. తలకు నీళ్లు తట్టాడు. జడ ఒళ్లో పడ్డప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. నేను తెరుచుకునే ఉన్నాను. ఎవరో ఒకరు చూడాలి.

మూడో రోజు గుండు మీద గంధంతో ఆఫీసుకు పోయింది. పట్టకార్ల గుమాస్తాలు తమ పోస్టులు పోయినట్టేనని ఏడ్చారు. సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. సుమారు లక్ష పోస్టులను ధ్వంసం చేసినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పవలెను.

కొన్ని వారాలకు జరిగిన విచారణకు నన్నూ లోపలికి రానిచ్చారు. నా తెల్ల వెంట్రుక సంగతి అప్పటికి బయటపడింది. నిబంధనల ప్రకారం నేను 'తాత్కాలిక ప్రాతిపదికన సేవలందించిన శిరస్సు'ను.

"లక్ష పోస్టులు!" అన్నారు డైరెక్టరు గారు బల్ల గుద్ది. "ప్రభుత్వ సిబ్బందిని కొండ మీద నేలపాలు చేస్తారా?"

"నేలపాలు కాదు సార్. దేవుడికిచ్చా."

"ఇప్పుడా రోమాలు ఎక్కడున్నాయి?"

వజ్రవేలు గారు లేచి నిలబడ్డారు. "విచారించాను సార్. మొక్కు జుట్టు వేలంలో పోయింది. కొన్నవారు విగ్గుల నిమిత్తం ఎగుమతి చేశారు."

"ఎక్కడికి?"

"చైనాకు సార్."

డైరెక్టరు గారు చెమట తుడుచుకున్నారు. "అంటే మన సిబ్బంది మొత్తం అనుమతి లేకుండా విదేశాల్లో పనిచేస్తున్నారా?"

"ఒక్కరికీ పాస్‌పోర్టు లేదు సార్," అన్నారు వజ్రవేలు గారు మరింత నీరసంగా.

ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. "బాబూ," అన్నాను, "పాత కథలో దానికి ఉపాయముంది. పని అయిపోయాక కోతిరాజు ఒళ్లు ఒకసారి విదిలిస్తాడు. వెంట్రుకలన్నీ యాడున్నా వచ్చి ఒంటికి అతుక్కుంటయ్."

డైరెక్టరు గారి మొహం వెలిగింది. "విదిలించండి మేడం!"

పేరిందేవి లేచి, ఎంతో వినయంగా, గుండు అటూ ఇటూ విదిలించింది. వజ్రవేలు గారు పరుగున వెళ్లి, వచ్చేవాటికి అడ్డం లేకుండా కిటికీలు తెరిచారు. అందరం ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక కాకి వచ్చి కిటికీ మీద వాలి, మమ్మల్ని చూసి వెళ్లిపోయింది.

"ఇంకాస్త గట్టిగా," అన్నారు సారు.

గట్టిగా విదిలించింది. ఆ పూట రాసుకున్న గంధం పొడి రాలింది.

"పాత కథ చెల్లదు," అని తేల్చారు డైరెక్టరు గారు అవమానంతో ఎర్రబడి. "తర్వాతి ఉత్తర్వు ముందు ఉత్తర్వును రద్దు చేయును. కోతిరాజు విషయంలో తాజాగా వెలువడినది ఫోనులోని ఆట. కనుక శాఖకు ఆటే ప్రామాణికం. రాసుకోండి వజ్రవేలు గారూ."

వజ్రవేలు గారు రాసుకున్నారు.

"సార్," అంది పేరిందేవి, తల వంచుకునే. "ఆ ఆటలో కోతికి వెంట్రుకలన్నీ అయిపోతే ఏమవుద్ది సార్?"

"ఏమవుతుంది, మొదటి లెవెల్‌కి పోవాల్సిందే!" అన్నారు సారు, ఎవరైనా అడిగితే బాగుండునని చాలాకాలంగా ఎదురుచూస్తున్న ప్రశ్న అడిగినట్టు. "ఎంత పైకి పోయినా సరే, ఎన్ని పళ్లు కూడబెట్టినా సరే, మళ్లీ మొదటి చోటుకే. ఏ మినహాయింపూ లేదు. నాకే మొన్న ఎంత కష్టపడి..."

అక్కడ ఆగిపోయారు. కానీ వజ్రవేలు గారు మంచి అధికారి. పై అధికారి నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా రాసుకుంటారు. ఆయన కలం ఆగాక కళ్లజోడు పైనుంచి చూశారు.

"మేడం, మీ మొదటి పోస్టింగు ఎక్కడ?"

"ఉప్పురేవు సార్."

ఉత్తర్వు ఆ రోజే టైపయింది. అందులో దాన్ని శిక్ష అనే రాశారు. 'సదరు ఉద్యోగిని విస్తరణకు అనర్హురాలిగా ప్రకటించి, ఒకే శరీరముతో, ఒకే స్థలమందు పనిచేయునట్లు ఆదేశించడమైనది. ఈ శిక్షపై అప్పీలుకు అవకాశము లేదు.' పేరిందేవి దాన్ని బస్సులో నాకు పైకి చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివించుకున్నాను.

చేరిన రోజు చార్జి అప్పగింత దగ్గర కాస్త ఆలస్యమైంది. అప్పటిదాకా బాధ్యతల్లో ఉన్న వెంట్రుక సంతకం పెట్టలేదని దానియేలు బెంగపెట్టుకున్నాడు. పోనీ వేలిముద్ర వేయిద్దామన్నాడు. చివరికి, అది తెల్లది కాబట్టి, దాని తరఫున నేనే సంతకం పెట్టాను. సర్కారు కాగితం మీద నా సంతకం పడడం అదే మొదలు.

తర్వాత ఒకరోజు కయ్యల పిల్ల ఒకతె తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. గుండుతో ఉన్న మనిషిని పోల్చుకోలేక, "కథలు చదివే టీచరు వచ్చిందంటగా, యాడ?" అని అడిగింది. పేరిందేవి ఏమీ చెప్పకుండా పుస్తకం తెరిచి, కోతిరాజు రాతిలోంచి పుట్టిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల గొంతు గుర్తుపట్టి, వెనక్కి తిరిగి వీధిలోకి కేకేసింది. ఎక్కడెక్కడి నుంచో బిలబిలమంటూ వచ్చారు.

కూర్చునే ముందు జడను ముందుకు తీసి ఒళ్లో వేసుకోవడం ఆమెకు అలవాటు, లేకపోతే దాని మీదే కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పటికీ చెయ్యి వెనక్కి పోతుంది. ఏమీ దొరక్క, మెడ తడిమినట్టు నటించి ముందుకు వస్తుంది. నేను చూస్తూనే ఉంటాను.

"ఏంది పెద్దమ్మా, అట్టా చూస్తుండావ్?"

"ఏం లేదే. ఆ జడ ఇప్పుడు చైనాలో ఏ నాటకంలో, ఏ కోతిరాజు నెత్తిన గంతులేస్తుందో అని."

"వేయనీ. వాడొక వెంట్రుక పీకి ఉఫ్ అని ఊదితే నేనే ప్రత్యక్షమై, తీసుకుపోయిన పుస్తకాలు యాడరా అని చెవి మెలేస్తా."

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు నవ్వుతోపాటు గుబులూ పుట్టింది. "అంత దూరం పోతావా మళ్లీ?"

"అది పోద్ది," అంది పేరిందేవి, పేజీ తిప్పుతూ. "నేనుండా గదా ఈడ."